టోపీ పెట్టుకున్న మొలకలు

ఇంట్లో పోసిన టొమాటో నారు సన్నగా సాగి పడిపోతోందా? వంగ మొలకలు మొదలు దగ్గర కుళ్లిపోతున్నాయా? అయితే అరకు కొండల్లో కాఫీ నారు ఎలా పెంచుతారో ఓసారి చూడాల్సిందే!

చలికాలంలో అరకు వెళ్లినవాళ్లు పొగమంచునీ బొర్రా గుహల్నీ చూసి, వేడివేడి కాఫీ తాగి వచ్చేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి పందిళ్ల కింద కాఫీ గింజలు విత్తే పని మొదలవుతుంది. తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లోనే వచ్చింది. పోడు వ్యవసాయానికి బదులుగా గిరిజనులకు స్థిరమైన ఆదాయం ఉండాలని ఆ తర్వాతి కాలంలో దాన్ని విస్తరించారు. కాఫీ బోర్డు 1976లో పాడేరు ఏజెన్సీలోని ఆర్వీ నగర్‌లో పరిశోధన కేంద్రం పెట్టింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇంత పేరుకీ మొదలు నారుమడే.

ఎందుకంటే కాఫీ మొక్క నాటాక మూడు నాలుగేళ్లకు గానీ కాపు రాదు. వచ్చాక దశాబ్దాల పాటు ఇస్తుంది. మొక్కలోనే లోపం ఉంటే ఆ సంగతి తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఎకరం రెండెకరాల తోటనే నమ్ముకున్న కుటుంబానికి అది చిన్న నష్టం కాదు.

తల్లివేరు వంకర పోతే...

ఎత్తుగా చేసిన మళ్లలో గింజల్ని ఒక్కొక్కటిగా, చదును వైపు నేలకి ఆనేలా వరుసల్లో పేరుస్తారు. పైన పలుచగా మట్టి, ఆపైన వరిగడ్డి. టొమాటో వారంలో మొలిస్తే, కాఫీకి సుమారు 45 రోజులు పడుతుంది. మొలక గింజను నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది. అందుకే దాన్ని ‘టోపీ దశ’ అంటారు.

అప్పుడే సంచుల్లోకి మార్చాలి. ఆరు పాళ్లు అడవి మట్టి, రెండు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక... సంచిలో నింపే మిశ్రమం ఇదీ. తల్లివేరు వంకర తిరిగిన మొలకను అక్కడే తీసి పారేస్తారు. పైకి ఆకులు ఎంత పచ్చగా ఉన్నా సరే! వేరు మరీ పొడుగ్గా ఉంటే కొస తుంచి, నిటారుగా దించి, చుట్టూ మట్టి అదుముతారు.

నీడ తీయడమూ విద్యే

లేత మొక్కకు పందిరి నీడ ఉండాలి. అలాగని చివరిదాకా ఉంచితే మొక్క సున్నితంగా తయారవుతుంది. నాటే రోజులు దగ్గరపడేకొద్దీ పందిరిని కొద్దికొద్దిగా పలుచన చేస్తారు. ఎండకి అలవాటుపడిన మొక్కలే వానాకాలంలో కొండవాలుకు చేరి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో నిలదొక్కుకుంటాయి.

మీ ఇంట్లో అయితే...

ఈ సూత్రాలే టొమాటో, వంగ, మిరపలకీ పనికొస్తాయి.

* అడుగున రంధ్రాలున్న ట్రే గానీ పాత డబ్బా గానీ చాలు. కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు కలిపి నింపండి. గింజను అర అంగుళానికి మించి లోతుగా వేయొద్దు.

* మొలకలు సాగిపోతున్నాయంటే వెలుగు చాలడం లేదనే అర్థం. బాగా వెలుతురొచ్చే కిటికీ దగ్గర పెట్టి, రోజూ ట్రేని తిప్పుతుండండి.

* పై మట్టి ఆరాకే, అదీ ఉదయం పూట నీళ్లు పోయండి. ఎప్పుడూ తడిగా ఉండి, గాలి ఆడకుండా మొలకలు కిక్కిరిసి ఉంటే నారుకుళ్లు వస్తుంది. ఒత్తుగా ఉన్నచోట బలహీనమైన వాటిని తీసేయాలి. మనసొప్పకపోయినా తప్పదు.

* చిక్కుడు, బీర, సొరలకు వేరు కదిలితే పడదు. వాటిని నేరుగా కుండీలోనే విత్తడం మేలు.

* నాలుగైదు వారాల నారును ఒక్కసారిగా ఎండలో పెట్టొద్దు. మొదట ఓ గంట ఉదయపు ఎండ చూపించి, రోజురోజుకీ పెంచుతూ వారం రోజులు అలవాటు చేయండి. ఆ తర్వాత సాయంత్రం చల్లబడ్డాక నాటండి.

టొమాటో పాడైతే మళ్లీ నెలకు ఇంకో నారు పోసుకోవచ్చు. కొండమీద కాఫీ రైతుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే సంచిలోకి దించే ముందు ప్రతి వేరునీ అంత శ్రద్ధగా చూస్తాడు.