ఉప్పందించుట: పదార్థవిచారము

తిరుపతి, చిత్తూరు ప్రాంతములందు దాఁచిన సంగతిని అధికారులకు గుట్టుగాఁ దెలుపుటను 'ఉప్పందించుట' యందురు. శేషాచలపు టడవిలో దొంగతనముగా నఱకిన యెఱ్ఱచందనపు దుంగలు పట్టుపడినచో 'ఎవఁడో ఉప్పందించినాఁడు' అని యనుకొందురు. భటులు వచ్చుచున్నారని దొంగలకుఁ దెలిపినను ఈ మాటయే. ఇది తెలుగునాట నంతటను వినఁబడు పలుకుబడియే కాని, దీని పుట్టుకనుగూర్చిన సంశయ మీ సీమవారికే యెక్కువగాఁ గలుగును. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప మండలముల భాగములతో నేర్పడిన చిత్తూరు మండలమునకు అరవము, కన్నడము ఇరుగుపొరుగులు. అరవమున 'తుప్పు' అనఁగా ఆచూకి. తుప్పు ఇచ్చుట యనఁగా ఆచూకి తెలుపుట. మన 'ఉప్పు' దాని వికారమే యని తటాలునఁ దోఁచును.

ఈ తోఁపు నిలువదు. అరవపుఁ బదాది తకారము తెలుగున లోపింపదు; తలై తలగాను, తేన్ తేనెగాను నిలిచినవి. చుట్టఱికమునకు ధ్వనినియమము సాక్షి కావలెను. అట్టి సాక్ష్యము 'వేగు' శబ్దమునకుఁ గలదు. అరవమున నది వేవు, కన్నడమున బేహు. తెలుగు 'వేఁడు' కన్నడమున 'బేడు' అగుట యెల్ల రెఱిఁగినదే. అయితే వేగులవాఁడు రాజు నియోగించిన జీతగాఁడు. ఉప్పందించువాఁడు తఱచుగాఁ దనవారి గుట్టును బయటవారికిచ్చు లోపలివాఁడు. ఒకదానికి మఱియొకటి పర్యాయముగా వ్రాయుట తగదు.

పాణినీయమునఁ జక్కని దృష్టాంతము కలదు. అష్టాధ్యాయి 3-2-13 సూత్రముచే 'కర్ణేజప' శబ్దము సిద్ధించును. సప్తమికి లోపము లేదు. చెవిలో జపించువాఁడని యవయవార్థము. ఆ లెక్కను మంత్రోపదేశము చేయు గురువును సైతము కర్ణేజపుఁ డనవలసివచ్చును! కావుననే వార్తికకారుఁడు దానిని సూచకునియందే నియమించెను. తెలుగునను ఇట్లే, వంటయింట ఉప్పుగిన్నె యందించినవాని కీ నింద లేదు.

మఱి ఉప్పే యేల? తెలుగిండ్లలో నుప్పును చేతి కీయరు. క్రింద నుంచి తీసికొమ్మందురు. చేతి కిచ్చినచోఁ దగవులు పుట్టునని నమ్మిక. అందించుట యనఁగాఁ జేతి కిచ్చుటయే గదా. చేతి కీయరానిదాని నిచ్చి తగవు తెచ్చినవాఁడను భావమే యీ మాటకు మూలమై యుండునని యూహింపవచ్చును. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయుట యను నర్థము కొందఱికి రుచింపవచ్చును గాని, ఆ పక్షమున 'అందించు' ధాతువునకుఁ బని లేదు. కావున నిఘంటుకర్తలు దీనిని లవణవాచకమగు ఉప్పు శబ్దము క్రిందనే చేర్పఁదగును.