ఆడవాళ్ల కోసం ఓ భాష!

పండగంటే పిల్లలకు సంబరం. మరి మనకో? ఇల్లు కడగడం, పిండివంటలు, వచ్చిన చుట్టాలకు మర్యాదలు... పేరుకు సెలవే గానీ నడుం వాల్చే తీరికుండదు. ఇలాంటి సెలవుకు 'లాదన్' భాషలో ఒకే మాట: 'రదీదిన్'.

అమెరికా భాషాశాస్త్రవేత్త, రచయిత్రి సుజెట్ హేడెన్ ఎల్జిన్ 1982లో కల్పించిన భాష ఇది. ఆడవాళ్ల అనుభవాలు చెప్పడానికి ఉన్న భాషలు చాలవేమోనని ఆవిడ అనుమానం. 1984 నాటి ఆవిడ నవల 'నేటివ్ టంగ్'లో స్త్రీలు రహస్యంగా అల్లుకునే భాష ఇదే.

దీని గురించి తెలుగు వికీపీడియాలో రాద్దామని కూర్చున్నాను. అక్కడ ఎవరైనా రాయొచ్చు, కానీ రాసినదానికి ఆధారం చూపాలి. 'రదీదిన్'కు ఉదాహరణగా మా ఇంటి సంక్రాంతి పెడదామంటే కుదరదన్నమాట! తమాషా ఏమిటంటే, లాదన్ వ్యాకరణమూ ఆధారమే అడుగుతుంది. కళ్లారా చూశామా, కలగన్నామా, నమ్మకమైనవాళ్లు చెప్పారా, నమ్మలేనివాళ్లా... వాక్యం చివర ఓ చిన్న మాట చేర్చి చెప్పాలి. మన 'అట' లాంటిదే అనుకోండి. 'ఆవిడ ఊరెళ్లిందట' అంటే చూసింది మనం కాదని తెలిసిపోతుంది. చెప్పినవాళ్లను నమ్మామో లేదో మాత్రం తెలియదు.

నిఘంటువు, వ్యాకరణం 1985లో అచ్చయ్యాయి గనుక ఆధారాలకు లోటు లేదు. చిక్కల్లా చివరి పేరాతోనే. స్త్రీలు దీన్ని అందుకుంటారు, లేదా ఇంతకంటే మంచిది కల్పించుకుంటారు అని ఎల్జిన్ పదేళ్ల గడువు పెట్టుకున్నారు. రెండూ జరగలేదు. 'స్టార్ ట్రెక్' యోధుల భాష క్లింగాన్‌కేమో బోలెడుమంది అభిమానులు! ప్రయోగం విఫలమైందని ఎల్జినే చెప్పుకున్నారు. ఆవిడ 2015లో కన్నుమూశారు. విఫలం అన్నది నా తీర్పుగా రాయడానికి మనసొప్పలేదు. అందుకే ఎల్జిన్ మాటగానే రాశాను.