నీడకు తలవంచని లెక్క లేదు

గ్రహణానికి కారణం నీడేనని ఆర్యభటుడు చెప్పి 1,500 ఏళ్లు దాటింది. ఆ లెక్కను మనం అప్పుడే అందుకున్నాం. దాని వెనక ఉన్న కారణాన్ని మాత్రం ఇంకా గడప దాటనివ్వలేదు.

గ్రహణం రోజున ఆవకాయ జాడీ మీద గరిక పోచ వేస్తాం. పట్టు స్నానం, విడుపు స్నానం చేస్తాం. కడుపుతో ఉన్న పిల్లను కదలొద్దంటాం. అదే ఇంట్లోని పంచాంగంలో స్పర్శ, మధ్య, మోక్ష కాలాలు నిమిషాలతో సహా ఉంటాయి. ఆ నిమిషాలు రాహువు కథలోంచి రాలేదు, నీడ లెక్కలోంచి వచ్చాయి.

పడవలో ప్రయాణికుడు

క్రీ.శ. 499 నాటికి తనకు 23 ఏళ్లని ఆర్యభటుడు ‘ఆర్యభటీయం’లో రాసుకున్నాడు. చంద్రుడు భూమి నీడలోకి వెళ్తే చంద్రగ్రహణం, సూర్యుణ్ణి చంద్రుడు కప్పితే సూర్యగ్రహణం అన్నాడు. పడవలో ముందుకు సాగేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు తోస్తుంది. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు పడమరకు కదులుతున్నట్టు కనిపించడమూ అలాంటిదేనన్నాడు. 43,20,000 ఏళ్ల మహాయుగంలో భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుందని లెక్కగట్టాడు. అంటే ఒక్క చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. నేటి కొలతతో పోలిస్తే సెకను తేడా కూడా లేదు.

అక్షరం మారింది

వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో నీడనే కారణంగా ఒప్పుకున్నాడు. గ్రహణ వేళ చేసే దాన హోమాల్లో రాహువుకు భాగం ఉండేలా బ్రహ్మ వరమిచ్చాడంటూ రాజీ కుదిర్చాడు. 628లో బ్రహ్మగుప్తుడు గ్రహణాలను నీడతోనే గణించాడు. అయినా రాహువును కాదంటే వేదాన్నీ స్మృతులనూ కాదన్నట్టేనని వాదించాడు. నాలుగు శతాబ్దాల తర్వాత ఇది చదివిన అల్‌బెరూనీ, సోక్రటీసుకు వచ్చినట్టి ఆపదేదో ఆ మేధావికీ వచ్చి ఉంటుందని అనుమానించాడు.

భూభ్రమణం మీద వచ్చిన అభ్యంతరాలన్నీ మతానివి కావు. భూమి తిరిగితే గూడు విడిచిన పక్షి మళ్లీ గూటికి ఎలా చేరుతుందన్నది గట్టి ప్రశ్నే. జడత్వ నియమం తెలిసేదాకా దానికి సరైన జవాబు లేదు. కానీ కొందరు వ్యాఖ్యాతలు జవాబు కోసం ఆగలేదు. మూలంలోని ‘భూః’ను ‘భం’ చేశారు. ఒక్క అక్షరంతో భూమి ఆగిపోయింది, నక్షత్రచక్రం తిరిగింది. ఆర్యభటుణ్ణి ఎవరూ చెరలో పెట్టలేదు, ఆయన మాటనే మార్చేశారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

గుంటూరు నుంచి రంగాపూర్ దాకా

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంలో పరీక్షించాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. హీలియం ఆవిష్కరణకు దారి వేసిన గ్రహణం అది. 1980 ఫిబ్రవరి 16న మరో సంపూర్ణ గ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో దుర్భిణులు ఆకాశం వైపు తిరిగి ఉంటే, ఊళ్లలో ఎన్నో ఇళ్ల తలుపులు మూసుకున్నాయి.

స్నానం చేయడం, దీపం పెట్టడం ఎవరి విశ్వాసం వారిది. పిల్లలకు భయాన్ని మాత్రం వారసత్వంగా ఇవ్వొద్దు. ఈసారి చంద్రగ్రహణం వస్తే వాళ్లను డాబా మీదికి తీసుకెళ్లండి. చంద్రుడి మీద మెల్లగా పాకే ఆ గుండ్రటి అంచును చూపించండి. అది పాము నోరు కాదు, మనం నిలబడ్డ నేల నీడ.