తొలకరి వేళ ఆహారపు మార్పు

దేవరకొండ ప్రాంతమున వేసవి యంతయు పులిసిన జొన్న అంబలి, మజ్జిగ ఒంటికి చలువ చేయును. మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడిన పిమ్మట ఆ అంబలియే కొందరికి కడుపుబ్బరము, విరేచనములు కలిగించును. కలుషిత జలము, ఈగలు ఇందుకు తోడగును.

వర్షర్తువున జఠరాగ్ని మందగించి వాతము ప్రకోపించునని అష్టాంగ హృదయము చెప్పుచున్నది. ఒక ఋతువు చివరి 7 దినములు, రాబోవు ఋతువు మొదటి 7 దినములు కలిసి ఋతుసంధి. ఈ 14 దినములలో పాత అలవాటును క్రమముగా విడుచుచు కొత్తదానిని గ్రహింపవలెనని, ఒక్కసారిగా మార్చినచో రోగములు కలుగునని వాగ్భటుడు హెచ్చరించెను. పంచాంగమున ఆషాఢము గ్రీష్మమే. అయినను మన మెట్టసీమలో తొలి వాననాటి నుండియే ఈ లెక్క ప్రారంభించుట మేలని మా అభిప్రాయము.

గృహిణులు మొదట పులిసిన అంబలిని తగ్గించి, అప్పటికప్పుడు వండిన వేడి జొన్న గట్కను పెట్టవలెను. గడ్డపెరుగునకు బదులు శొంఠి, జీలకర్ర, సైంధవ లవణము కలిపిన పలుచని మజ్జిగ, కందిపప్పునకు బదులు కొన్నాళ్లు పెసరకట్టు, అన్నమునకు పాతబియ్యము. మృగశిర నాడు బెల్లములో చిటికెడు ఇంగువ ఉంచి మ్రింగు ఆచారము మన పెద్దలది. ఇంగువ వాతహరము.

తొలి ఏకాదశి నాటి పేలాల పిండి మరింత ఆలోచింపదగినది. వేసవిలో పంచదార కలిపిన సక్తువులను, అనగా వేయించిన ధాన్యపు పిండిని, మెచ్చిన శాస్త్రమే వానకాలమున దానిని నీట కలిపి త్రాగరాదని నిషేధించినది. జొన్న పేలాలు విసరి బెల్లము కలిపి పొడిగానే తినుట ఈ నియమమునకు సరిపోవుచున్నది. శాస్త్రము తెలిసి చేసిరో, అనుభవముతో చేసిరో గాని! మధుమేహులు మాత్రము రుచి చూచి ఊరకుండవలెను.

పిల్లలకు విరేచనములైనచో శొంఠితో కాలయాపన చేయక వెంటనే ఓఆర్ఎస్ ద్రావణము పట్టవలెను. రక్తము పడినను, మూత్రము తగ్గినను, మగతగా నున్నను ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

వానకాలమున కాచి చల్లార్చిన నీరే త్రాగవలెను. అయితే నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు అధికముగా నున్న బోర్లు పెక్కు కలవు. కాచుటవలన క్రిములు నశించును గాని ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరియైన కొలది దాని పాలు పెరుగును. కావున కాచుటకు సైతము శుద్ధిచేసిన కృష్ణా జలమునే వాడవలెను.