ఆయిల్ ఇంజన్ ఎందుకు మొరాయిస్తుంది?

"సార్, నిన్న మంచిగ నడిచిన ఇంజన్ ఇయ్యాల స్టార్ట్ అయితలేదు. మా బాపు పొద్దుగాల్నుంచి హ్యాండిల్ తిప్పుతనే ఉన్నడు. నారుమడి ఎండిపోతున్నది" అన్నాడు తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు. వాళ్ళ పొలం మానేరు ఒడ్డున ఉంది. అక్కడికి కరెంటు స్తంభాలు లేవు. మెకానిక్ రావాలంటే కరీంనగర్ నుంచి రావాలి.

"నిన్న ఇంజన్ ఎట్లా ఆగింది?" అని అడిగాను.

"డీజిల్ అయిపోయి ఆగింది సార్. పొద్దున టాంకీ నిండా పోసినం."

జబ్బు ఏమిటో ఆ మాటలోనే ఉంది. అదెలాగో చూద్దాం.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. బావుల దగ్గర మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజన్ల సంఖ్య తగ్గింది. అయినా వాగుల ఒడ్డున, తీగలు చేరని చోట పాత ఇంజన్లే నీళ్ళు తోడుతుంటాయి. వాటిని ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.

అగ్గిపుల్ల లేని మంట

సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్ రహస్యం ఇదే. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఈ సూత్రంతో ఇంజన్‌ను విజయవంతంగా నడిపి చూపాడు. మన దేశంలో ఇలాంటి ఇంజన్ల తయారీకి కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ 1946లో పూనాలో ఏర్పడింది.

పిస్టన్ కిందికి దిగేటప్పుడు సిలిండర్ గాలిని పీల్చుకుంటుంది. పైకి వెళ్ళేటప్పుడు పిస్టన్ ఆ గాలిని సుమారు పదిహేడో వంతుకు కుదిస్తుంది. గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. అది భగ్గున మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ పిస్టన్ పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు పనులకు ఫ్లైవీల్ రెండు చుట్లు తిరగాలి. నిమిషానికి 650 చుట్లు తిరిగే పాతకాలపు ఇంజన్‌లో నిమిషానికి 325 సార్లు మంట పుడుతుందన్నమాట. దూరం నుంచి వినిపించే "టక్ టక్ టక్" చప్పుడు అదే.

కాబట్టి ఇంజన్ నడవడానికి మూడు కావాలి: తగినంత గాలి, గట్టి ఒత్తిడి, సమయానికి డీజిల్. ఇంజన్ మొరాయిస్తే ఈ మూడింటిలో లోపించినది ఏదో కనిపెట్టాలి. పానా పట్టుకొని కనిపించిన ప్రతి నట్టునూ విప్పకూడదు. ఒకసారి ఒక్కదాన్నే పరీక్షించాలి. ప్రయోగశాలలో మనం చేసేదీ అదే కదా!

గాలి పట్టిన గొట్టం

సూది తీసేసిన కొత్త సిరంజిలో నీళ్ళు నింపండి. మూతిని వేలితో మూసి నొక్కండి. దిగదు. ఇప్పుడు నీళ్ళు తీసేసి గాలి నింపి నొక్కండి. సగానికి పైగా దిగుతుంది! ద్రవాలు దాదాపు కుదించుకుపోవు. వాయువులు సులభంగా కుదించుకుపోతాయి.

టాంకీ ఖాళీ అయినప్పుడు గొట్టంలోకి గాలి చేరుతుంది. నాజిల్ తెరుచుకోవాలంటే వాతావరణ పీడనానికి ఇంచుమించు 200 రెట్లు పీడనం కావాలి. పంపులోని ప్లంజర్ ఎంత నొక్కినా ఆ గాలి బుడగే కుదించుకుపోతుంది. నాజిల్ తెరుచుకోదు. దీన్నే "గాలి పట్టింది" అంటారు.

మందు సులభం. డీజిల్ ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూను కొద్దిగా వదులు చేయాలి. మొదట నురగ వస్తుంది. బుడగలు లేని డీజిల్ ధార రాగానే బిగించాలి. తర్వాత పంపు దగ్గర కూడా అలాగే చేయాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు నాజిల్ "కీచు"మంటే డీజిల్ అందినట్టే. అయితే నాజిల్ తుంపర ముందు చేయి పెట్టకండి. ఆ వేగానికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

పొగ చెప్పే కబురు

నల్లటి పొగ వస్తే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు, లేదా బరువు ఎక్కువైంది. ముందుగా గాలి వడపోత డబ్బా శుభ్రం చేయాలి. నీలిరంగు పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. రింగులు అరిగి ఉండవచ్చు. తెల్లటి పొగ వస్తే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా నీరు చేరింది.

ఒత్తిడి తగ్గితే తప్పు రింగులదా, వాల్వులదా? మెకానిక్‌లు సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ వేసి మళ్ళీ తిప్పి చూస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు అరిగాయి. ఆయిల్ ఆ సందులను తాత్కాలికంగా మూసిందన్నమాట. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. ఎంత చక్కని ప్రయోగమో చూడండి!

నీరు డీజిల్ కంటే బరువు. అందుకే టాంకీ అడుగున చేరుతుంది. అప్పుడప్పుడు అడుగు బిరడా తీసి ఆ నీటిని వదిలేయాలి.

బావిలోకి ఇంజన్ దించవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. పంపు నీటిని పీల్చుకుంటుందంటాం గాని, నిజానికి నీటిని పైకి నెట్టేది వాతావరణ పీడనం. అది నీటిని 10.3 మీటర్లకు మించి ఎత్తలేదు. ఆచరణలో 6, 7 మీటర్లే. ఎండాకాలం నీళ్ళు అడుగంటితే కొందరు బావిలో గద్దె కట్టి ఇంజన్‌ను కిందికి దించుతారు. అప్పుడు పొగ బావిలోనే నిలుస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి అరవకుండానే కూలిపోతాడు. కాపాడబోయి దిగిన రెండో మనిషికీ అదే గతి.

లాంతరు దించి చూస్తే చాలదా అంటారా? చాలదు. లాంతరు ఆక్సిజన్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీసేంత ఉన్నా లాంతరు వెలుగుతూనే ఉండవచ్చు. ఇంజన్ నడిచిన బావిలోకి ఎవరూ దిగకూడదు. ఎవరైనా పడిపోతే 101కి, 108కి ఫోన్ చేయాలి.

మీరు చేయగలిగినది

బెల్టు దగ్గరికి కండువాతో, చున్నీతో వెళ్ళవద్దు. హ్యాండిల్ తిప్పడం, నట్లు విప్పడం పెద్దల పని. మీరు ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఎన్ని గంటలు నడిచింది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, పొగ రంగు ఏమిటి, ఎలా ఆగింది అన్నవి రాయండి. పాత ఇంజన్‌కు అదే ఆరోగ్య పట్టిక.

మర్నాడు ఆ అబ్బాయి బడికి వచ్చాడు. "బుడగలు పోయినంక మూడోసారి తిప్పంగనే అందుకున్నది సార్" అన్నాడు. నారుమడికి నీళ్ళు పారాయి. వాడి నోటుబుక్కులో మొదటి వాక్యం ఇది: "టాంకీ ఖాళీ కానియ్యద్దు."