శిలోద్యానము

ఆల్ప్సు పర్వతములపై శీతకాలము మిక్కిలి దీర్ఘమైనది. సంవత్సరములో సగమునకు పైగా ఆ కొండల పైభాగము మంచుదుప్పటి కప్పుకొని నిద్రించుచుండును. జూన్ నెలలో ఎండ తీక్ష్ణమై మంచు కరగి సెలయేళ్లుగా పారును. మంచు తొలగిన చోటులందు కొలది దినములలోనే పచ్చిక తలయెత్తును. రాళ్ల సందులనుండి నీలము, ఎరుపు, పసుపు, తెలుపు వన్నెల పూలు విరియును. ఆ పూలను పూచు మొక్కలలో పెక్కింటి యెత్తు జానెడైనను ఉండదు.

చెట్లు పెరుగగల యెత్తునకు పైన, శాశ్వతహిమమునకు క్రింద ఉన్న ప్రదేశములలో పెరుగు మొక్కలను ఆల్పైను మొక్కలందురు. ఆల్ప్సు పర్వతములనుండియే వీనికి ఈ పేరు వచ్చినను, హిమాలయములు, కాకససు, ఆండీసు మున్నగు పర్వతములయందును ఇట్టి మొక్కలు కలవు.

వీని బ్రదుకు కష్టమైనది. అచట వేసవి రెండు మూడు నెలలు మాత్రమే. ఆ స్వల్పకాలములో చిగిర్చి, పూచి, విత్తనములు రాల్పవలెను. అందుచే పెక్కు మొక్కలు రాబోవు ఏటి మొగ్గలను ముందటి యేడే సిద్ధపరచుకొని మంచుక్రింద దాచుకొనును. అచటి గాలివడికి పొడవైన కాడ నిలువజాలదు. కావున కొన్ని మొక్కల కొమ్మలు, ఆకులు ఒకదానినొకటి ఒరసికొని, నేలను కరచుకొని, చిన్న దిండువలె గుండ్రముగా పెరుగును. ఆ దిండులోపల గాలి కదలక వెచ్చగా నుండును. పైకి పిడికెడుగా కనిపించు మొక్కయైనను తన వ్రేళ్లను రాతిపగుళ్లలో బహుదూరము దింపుకొనును. ఎడెల్వైసు అను తెల్లపూల మొక్క తన దేహమంతయు ఉన్నివంటి నూగుతో కప్పుకొనును. తీవ్రమైన ఎండకు, ఆరుగాలికి అదియే దాని కవచము.

పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములు ఆల్ప్సు లోయలలోనికి వచ్చినవి. యాత్రికులు వేలకొలదిగా ఆ కొండలకు పోసాగిరి. పూల అందమునకు ముగ్ధులై పలువురు మొక్కలను వ్రేళ్లతో పెల్లగించి ఇండ్లకు కొనిపోవుచుండిరి. కొందరు మొక్కలను త్రవ్వితెచ్చి పట్టణములలో అమ్ముచుండిరి. కొన్నవారు వానిని ఎరువు వేసిన మెత్తని మట్టిలో నాటి, వేళ తప్పక నీరు పోసి పెంచిరి. అయినను వానిలో పెక్కు ఒక్క శీతకాలమైనను దాటక చచ్చుచుండెను. చచ్చినవాని స్థానమున నాటుటకు మరల కొండనుండి మొక్కలు దిగుచుండెను. ఇట్లు తమను ప్రేమించినవారి చేతులలోనే ఆ మొక్కలకు ముప్పు వాటిల్లెను.

స్విట్జర్లాండు దేశీయుడగు హెన్రీ కొరెవోను (1854–1939) అను ఉద్యానకారుడు ఈ ముప్పును గుర్తించెను. 1883లో జెనీవా నగరమున ఆతడు మొక్కల రక్షణకై ఒక సంఘమును స్థాపించెను. త్రవ్వవలదని బోధించుట యొక్కటియే చాలదు. పూలు కావలెనను కోరిక జనులలో ఉన్నంతకాలము మొక్కలను త్రవ్వువారును ఉందురు. కావున ఆతడు కొండమొక్కలను తోటలో విత్తనములనుండి పెంచి, అట్లు పెంచినవానినే జనులకు అందజేయుటకు పూనుకొనెను. ఇందుకు మొదట ఒక చిక్కు విడదీయవలసియుండెను. కొండపై అంతటి చలికి తట్టుకొన్న మొక్క, పల్లపునేలలోని కొద్దిపాటి చలికి ఏల చచ్చుచున్నది?

కొండపై మంచు ఆ మొక్కకు కంబళివంటిది. మంచుపొర మందముగా కప్పినప్పుడు, పైన గాలి సున్నకు 20 డిగ్రీలు క్రిందికి దిగినను, నేలయొద్ద ఉష్ణము సున్న డిగ్రీల సమీపముననే నిలుచును. మంచు గడ్డగట్టి యుండుటచే మొక్కకు తడియు తగులదు. ఇంగ్లండువంటి దేశముల పల్లపుప్రాంతములలో మంచు చిరకాలము నిలువదు. శీతకాలమంతయు వానలు కురియును. మొక్క మొదలు తడిసి, ఆరక, మరల తడిసి కుళ్లిపోవును. చలి చంపలేనిదానిని తడి చంపును. ఎరువు వలనను మేలు కలుగదు. బలమైన మట్టిలో మొక్క ఏపుగా, మెత్తగా పెరిగి తన గట్టిదనమును కోల్పోవును. కొండమొక్కకు కావలసినది నీరు నిలువని నేల, వ్రేళ్లకు చల్లదనము, ఆకులకు వెలుతురు. ఈ మూడింటిని సమకూర్చునదియే శిలోద్యానము.

లండనులోని చెల్సీ ఔషధోద్యానమున 1773లోనే ఒక శిలోద్యానము ఏర్పడెను. దానికి ఐసులాండునుండి తెచ్చిన లావారాళ్లను గూడ ఉపయోగించిరి. క్యూ ఉద్యానమున 1882లో మరియొకటి వెలసెను. అయినను పెక్కుమంది రాళ్లను ఒక కుప్పగా పోసి, సందులలో మొక్కలు నాటి, అదియే శిలోద్యానమని తలచుచుండిరి. రెజినాల్డు ఫారరు (1880–1920) అను ఆంగ్లేయుడు ఈ పద్ధతిని ఎగతాళి చేసెను. ఆతడు యార్కుషైరులోని తన గ్రామమున బాల్యమునందే ఒక పాత రాతిగనిలో తోట వేసి, మొక్కల స్వభావమును స్వయముగా నేర్చుకొనెను. పిమ్మట విత్తనములకై చైనా, బర్మా పర్వతములకు పోయెను. 1920లో బర్మా కొండలలోనే, నలువది యేండ్ల వయస్సున మరణించెను. నీలివర్ణపు జెన్షియను జాతి యొకటి నేటికిని ఆతని పేర పిలువబడుచున్నది.

శిలోద్యానమునకు చెట్లనీడ పడని, కొంచెము వాలుగానున్న చోటు మంచిది. మొదట కలుపుమొక్కలను వ్రేళ్లతో సహా తీసివేయవలెను. రాళ్లు అమర్చినపిదప వానిని తీయుట దుస్సాధ్యము. అడుగున 15 సెంటీమీటర్ల మందమున ఇటుకముక్కలు, రాతిముక్కలు పరచవలెను. దానిపై తోటమట్టి, చివికిన ఆకుమట్టి, ముతక ఇసుకతోగూడిన సన్నని గులకరాయి సమపాళ్లుగా కలిపి పోయవలెను. ఈ మట్టిలో నీరు ఇంకిపోవును గాని నిలువదు.

రాళ్లు ఒకే జాతివి కావలెను. అవి ఆ ప్రాంతమున దొరకునవైనచో మరింత సహజముగా నుండును. ప్రతి రాతిని మూడవవంతుకు తక్కువగాక భూమిలో పాతవలెను. రాతిలోని పొరలన్నియు ఒకే దిశగా ఉండవలెను. అప్పుడే అవి భూమినుండి పొడుచుకొని వచ్చిన కొండచరియవలె కనిపించును. రాతి పైముఖమును వెనుకకు కొంచెము వంచి పెట్టినచో, వాననీరు ముందునకు జారిపోక వెనుకనున్న వ్రేళ్లను చేరును. మనుష్యుడు పైకెక్కి నిలిచినను రాయి కదలరాదు. నాటుట ముగిసిన పిదప మొక్కల మొదళ్లచుట్టు రెండు మూడు సెంటీమీటర్ల మందమున గులకరాళ్లు పరచుదురు. ఇవి వ్రేళ్లకు చల్లదనమిచ్చును. మొదలును తడినుండి కాపాడును.

శిలోద్యానములలో అధికభాగము మొక్కలు ఏప్రిలు, మే నెలలలో పూచును. జూలై వచ్చునప్పటికి తోట వెలవెలబోవును. అందుచే వేసవిలో పూచువానిని ప్రత్యేకముగా ఎన్నుకొందురు. ఆల్ప్సు ప్రాంతపు చిన్న క్యాంపాన్యులా వేలెడు కాడలపై నీలిగంటలవంటి పూలు వ్రేలాడదీయును. కాకససు ప్రాంతపు జెన్షియను ఒకటి జూలై, ఆగస్టులలో ముదురునీలి పూలు పూచును. పెంచుటకు సులభము గనుక నూతనాభ్యాసులు దీనితో ప్రారంభింతురు. పిరెనీసు పర్వతపు సాక్సిఫ్రేజి జాతి యొకటి అనేక సంవత్సరములు సున్నపురాతి పగులులో ఆకుల గుత్తిగా నుండి, తుదకు ఒకేసారి తెల్లని పెద్ద పూలగెలను వేసి, విత్తనములు రాల్చి మరణించును. కొన్ని మొక్కలకు సున్నము హితము, కొన్నింటికి విషతుల్యము. మొక్క పుట్టినచోటు తెలియనిదే దానికి తగిన నేల నిచ్చుట సాధ్యము కాదు.

హిమాలయపు మొక్కలే ఇందుకు సాక్ష్యము. 1931లో ఫ్రాంకు స్మైత్ అను పర్వతారోహకుడు, ఆతని మిత్రులు కామెట్ శిఖరమునుండి దిగివచ్చుచు, గఢ్వాలు ప్రాంతమున పూలతో నిండిన ఒక లోయను చూచిరి. స్మైత్ 1937లో మరల వచ్చి అచట మొక్కలను, విత్తనములను సేకరించెను. 1939లో జోను మార్గరెట్ లెగ్ అను వనిత మొక్కల సేకరణకై ఆ లోయకు వచ్చి, కొండచరియపై కాలుజారి మరణించెను. ఆమె సమాధి అచటనే కలదు. ఆ లోయ 1982లో జాతీయోద్యానమైనది. అచట పూలు విరియుట జూలై, ఆగస్టు నెలలలో, ఋతుపవనపు వానలలోనే. హిమాలయమున వేసవి తడి, శీతకాలము పొడి. ఇంగ్లండులో శీతకాలమే తడి. కావున అచటి తోటమాలులు హిమాలయపు మొక్కలకు వేసవిలో ధారాళముగా నీరు పోసి, శీతకాలమున పైన గాజుపలక నిలిపి వాన పడకుండ కాపాడుదురు.

విత్తనములనుండి పెంచుటకు ఓర్పు కావలెను. కొండమొక్కల విత్తనములు పెక్కు చలి తగిలినగాని మొలకెత్తవు. శరత్కాలమున రాలిన విత్తనము వెంటనే మొలచినచో, లేత మొలక శీతకాలమున నశించును. అందుచే ప్రకృతి దానిని నిద్రపుచ్చినది. ఈ రహస్య మెరిగినవారు విత్తనములను కుండీలలో చల్లి, శీతకాలమంతయు ఆరుబయట మంచులోనే ఉంతురు. వసంతమున మొలకలు వచ్చును. కొన్ని రెండవ వసంతమునగాని రావు. మొదటి యేడు మొలకెత్తలేదని కుండీని పారవేసినవాడు మొక్కను పోగొట్టుకొనును.

నేడు ఈ విద్యకు నూతన ప్రయోజనము ఏర్పడినది. భూమి వేడెక్కుచున్నది. ఐరోపాలోని 302 శిఖరములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, క్రిందిప్రాంతముల మొక్కలు అంతకంతకు వేగముగా పైకెక్కుచున్నవని 2018లో వెల్లడించిరి. అవి పైకి వచ్చినకొలది, శిఖరములపైనున్న చిన్న మొక్కలకు చోటు సన్నగిల్లును. వానికి ఎక్కుటకు ఇంకను పైన కొండ లేదు. తోటలో పెరిగిన పిడికెడు మొక్క పర్వతమునకు ప్రత్యామ్నాయము కానేరదు. అయినను దాని స్వభావమును తెలిసికొని, విత్తనములను నిలుపుకొన్నచో ఆ జాతి పూర్తిగా నశింపకుండ కాపాడుటకు ఒక దారి యుండును. కొండనుండి మొక్కను పెల్లగించి తెచ్చుటకు ఒక్క దినము చాలును. మంచులో ఉంచిన కుండీలోని విత్తనము మొలకెత్తువరకు రెండు శీతకాలములు వేచియుండుట కష్టము. కొండపైని మొక్కను కొండపైననే ఉండనిచ్చునది ఆ వేచియుండుటయే.