వెలుగును లెక్కపెట్టే యంత్రం

కెమెరా కొత్తగా కొన్నవాళ్లను మొదట్లో బెదరగొట్టేవి మూడు: ఎక్స్‌పోజర్, ఐఎస్‌ఓ, హిస్టోగ్రామ్. ఈ యంత్రం ఎలా పుట్టి పెరిగిందో తెలిస్తే ఆ బెదురు చాలావరకు తీరుతుంది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కంప్యూటర్ మెమరీ కోసం ఆలోచిస్తూ సీసీడీ అనే చిప్‌కు రూపకల్పన చేశారు. సిలికాన్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. చిప్ మీది ఒక్కో గడిలో, పడిన వెలుగును బట్టి అవి పోగవుతాయి. మంటలార్పేటప్పుడు జనం వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, ఆ పోగులు గడి నుంచి గడికి జరుగుతూ అంచుకు చేరతాయి. అక్కడ కొలత వేస్తారు. ఈ ఉపాయానికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

ఆ చిప్‌తో చేతిలో పట్టే కెమెరా కట్టింది రోచెస్టర్‌లోని కొడాక్ కంపెనీలో పాతికేళ్ల ఇంజనీరు స్టీవెన్ సాసన్. మూవీ కెమెరా లెన్సు, 16 బ్యాటరీలు, క్యాసెట్ రికార్డరు కలిపి 1975 డిసెంబరులో పని పూర్తిచేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. వంద వరసల్లో వంద చొప్పున 10,000 గడులు. ఒక్క బొమ్మ టేపుకెక్కడానికి 23 సెకన్లు.

మొదటి ఫొటో ల్యాబ్‌లో పనిచేసే ఒకామెది. టీవీ మీద చూస్తే నల్లటి జుట్టు, తెల్లటి వెనకభాగం సరిగ్గానే ఉన్నాయి. ముఖం మాత్రం చెదిరిపోయింది. తీగలు తారుమారై అంకెల్లోని సున్నాలు, ఒకట్ల వరస తిరగబడింది. పూర్తి నలుపంటే అన్నీ సున్నాలు, పూర్తి తెలుపంటే అన్నీ ఒకట్లు. తిరగేసినా వాటికేం కాదు. మధ్యలోని బూడిద ఛాయలే పాడయ్యాయి. తీగలు మార్చగానే ముఖం కనిపించింది.

ఫిల్మ్ అమ్ముకుని బతికే కంపెనీకి ఫిల్మ్ అక్కర్లేని కెమెరా పెద్దగా రుచించలేదు. 1978లో పేటెంటు వచ్చినా సరుకు అంగట్లోకి రాలేదు. 1991లో నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెల్ సెన్సర్ తగిలించి కొడాక్ అమ్మింది. బొమ్మలు దాచే పెట్టెను విడిగా భుజాన మోయాల్సి వచ్చేది. 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

రంగు మాటకొస్తే, సెన్సర్‌కు రంగులు తెలియవు. కొడాక్‌లోనే బ్రైస్ బేయర్ గడుల మీద రంగు ఫిల్టర్లు పరిచే పద్ధతి కనిపెట్టాడు. సగం గడులకు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ప్రతి గడిలో ఒక్క రంగే అసలు కొలత, మిగతా రెండూ పక్క గడులను చూసి వేసే అంచనా. సన్నటి గళ్ల చొక్కా ఫొటోలో లేని రంగుల చారలు అప్పుడప్పుడు తేలడానికి కారణమిదే. పోగులను అంచుకు జరిపే పని లేకుండా, 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో ఎరిక్ ఫోసమ్ బృందం ప్రతి గడికీ సొంత యాంప్లిఫయర్ పెట్టి సీమాస్ సెన్సర్‌ను తీర్చిదిద్దింది. కరెంటు ఖర్చు తగ్గింది, కెమెరా ఫోన్లోకి దూరింది.

ఇప్పుడు చేతిలోని కెమెరాకు వద్దాం. మిట్టమధ్యాహ్నం గేదె మీద వాలిన కొంగను తీయండి. ఫ్రేమంతా నలుపే ఉంటే, వెలుగు చాలట్లేదనుకుని కెమెరా ఎక్స్‌పోజర్, అంటే గడుల్లో పడనిచ్చే వెలుగు, పెంచేస్తుంది. గేదె బూడిదరంగుకు తిరుగుతుంది, కొంగ ఈకల గీతలు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. గడి నిండాక ఎంత వెలుగు పడినా లెక్కకు రాదు మరి. ఎంత వెలుగున్న గడులు ఎన్నో ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా చూపే పటమే హిస్టోగ్రామ్. అది కుడి అంచుకు అతుక్కుపోవడం దానికే గుర్తు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ వైపు ఒకటి తిప్పితే ఈకలు తిరిగొస్తాయి. ఐఎస్‌ఓ పెంచితే వెలుగు పెరగదు, వచ్చిన కొలతే పెద్దదవుతుంది. దాంతోపాటు చీకటి భాగాల్లోని నాయిస్ కూడా బయటపడుతుంది.

నేర్చుకోవడానికి ఖరీదైన బాడీ అక్కర్లేదు. ఒకే దృశ్యాన్ని మైనస్‌లో, సున్నాలో, ప్లస్‌లో తీసి చూడండి. చెడిన ఫొటోలను అక్కడికక్కడే చెరిపేయకండి. షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్‌ఓ ప్రతి ఫైల్లోనూ నమోదై ఉంటాయి. ఇంటికొచ్చాక వాటిని పక్కపక్కన పెట్టి చదవండి. ఫిల్మ్ రోజుల్లో నోటుపుస్తకంలో రాసుకోవాల్సిన పాఠం ఇప్పుడు కెమెరాయే రాసిపెడుతోంది.